ఫ్లాటు ఎన్నేళ్లది?

లండన్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే ఫ్లాటు కొనుక్కున్న తెలుగు పిల్లలు ఇంటికి ఫోన్ చేసి చెప్పే సంగతుల్లో ఒకటి ఇక్కడి తల్లిదండ్రులకు ఒక పట్టాన కొరుకుడు పడదు. ‘‘మా ఫ్లాటు లీజు 84 ఏళ్లే మిగిలింది నాన్నా, ఇప్పుడే పొడిగించుకోకపోతే తర్వాత ఖర్చు పెరుగుతుంది’’ అంటారు. డబ్బు పోసి కొన్న ఇంటికి లీజేమిటి, దాన్ని పొడిగించుకోవడమేమిటి అని కూకట్‌పల్లిలో తండ్రి ఆశ్చర్యపోతాడు. మన దగ్గర రిజిస్ట్రేషన్ అయిందంటే అయిపోయినట్టే. ఇక తరతరాలకూ మనదే.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటల్లో ఇరవయ్యేళ్ల ఈఎంఐకి సంతకం పెట్టిన ప్రతి కుటుంబానికీ ఉన్న ధీమా ఇదే. ఈ ధీమా సగమే నిజం. మిగతా సగం గురించి భవనాలు కొత్తగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి.

ముందు ఆ లండన్ లెక్క చూద్దాం. ఇంగ్లండ్‌లో ఫ్లాట్లు చాలావరకు లీజు మీదే అమ్ముతారు. నేల ఒకరిది. ఫ్లాటు కొన్నవాళ్లకు 99 ఏళ్లో, 125 ఏళ్లో హక్కు ఉంటుంది. ఏళ్లు తరిగేకొద్దీ ఫ్లాటు విలువ తరుగుతుంది. లీజు బాగా తగ్గిపోయిన ఫ్లాటుకు బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి. మిగిలిన గడువు 80 ఏళ్ల లోపుకు దిగితే మరో దెబ్బ ఉంది. లీజు పొడిగించడం వల్ల ఫ్లాటుకు పెరిగే విలువలో సగం నేల యజమానికి కట్టాలి. అందుకే 81, 82 ఏళ్ల దగ్గర ఉన్నవాళ్లు వకీళ్ల చుట్టూ, విలువ కట్టేవాళ్ల చుట్టూ పరుగులు తీస్తారు. 1993లో అక్కడ వచ్చిన చట్టం ఫ్లాటు యజమానికి ఒక హక్కు ఇచ్చింది. నేల యజమాని ఇష్టంతో పనిలేకుండా, తగిన ధర చెల్లించి, మిగిలిన గడువుకు మరో 90 ఏళ్లు కలుపుకోవచ్చు. ఆపైన నేల అద్దె ఏడాదికి ఒక మిరియపు గింజ మాత్రమే, అంటే లేనట్టే. కొన్నాక రెండేళ్లు ఆగాలన్న నిబంధనను 2025 జనవరి చివర్లో ఎత్తేశారు. 2024లో చేసిన కొత్త చట్టం పొడిగింపును 990 ఏళ్లకు పెంచుతుంది, 80 ఏళ్ల మెలికనూ తీసేస్తుంది. ఆ చట్టాన్ని విడతలవారీగా అమలు చేస్తున్నారు.

సింగపూర్‌లో పరిస్థితి ఇంకా కచ్చితంగా ఉంటుంది. మనవాళ్లు అక్కడ కొనే ప్రభుత్వ గృహ మండలి ఫ్లాట్లు దాదాపు అన్నీ 99 ఏళ్ల లీజువే. గేలాంగ్ ప్రాంతంలో 60 ఏళ్ల లీజు మీద కట్టిన 191 ఇళ్లు ఉండేవి. 2020 డిసెంబరు 31తో లీజు ముగిసింది. ఆ నేల ప్రభుత్వానికి తిరిగి వెళ్లిపోయింది, ఇళ్ల యజమానులకు నష్టపరిహారం లేదు. 2017లో అప్పటి మంత్రి లారెన్స్ వాంగ్ ఈ సంగతిని ముందే బహిరంగంగా చెప్పి, పాత ఫ్లాట్లకు ఎక్కువ ధర పెట్టేవాళ్లను హెచ్చరించారు. వినడానికి కఠినంగానే ఉంటుంది. కానీ ఆ ఇళ్లవాళ్లకు తేదీ తెలుసు. అరవై ఏళ్ల ముందు నుంచీ తెలుసు.

మనకు ఆ తేదీ తెలియదు. నన్ను కలవరపెడుతున్నది అదే.

లీజు నేల హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పాత బంగళాలు ఎన్నో ఈ పద్ధతివే. నేల రక్షణ శాఖది, కట్టడం మాత్రమే యజమానిది. ఓల్డ్ గ్రాంట్ కింద ఉన్న బంగళా నేలను ప్రభుత్వం నెల రోజుల నోటీసు ఇచ్చి, కట్టడం విలువ చెల్లించి వెనక్కి తీసుకోవచ్చు. మరికొన్ని ముప్పయ్యేసి ఏళ్ల చొప్పున 90 ఏళ్ల దాకా పొడిగించుకునే లీజులు. ఆజామాబాద్ పారిశ్రామికవాడలో లీజుల పేచీని సర్దడానికి 1992లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. ఇవన్నీ పాత హైదరాబాద్ కథలు. 1998 నవంబరులో వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత పుట్టిన కొత్త హైదరాబాద్‌లో ఫ్లాటంటే పూర్తి హక్కే అని అందరం అనుకున్నాం.

అనుకున్నదాన్ని మణికొండ ఒక్క కుదుపు కుదిపింది.

మణికొండ జాగీరు భూములు 1,654 ఎకరాల 32 గుంటలు. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫ్ ఆస్తిగా ఇవి 2006 మార్చిలో ఒక సవరణ ప్రకటనలో కనిపించాయి. అంతకుముందు 1989లో ఇచ్చిన గెజిట్‌లో దర్గా కింద చూపించింది 5,506 చదరపు గజాలే. ఈ రెండింటి మధ్య కాలంలో ప్రభుత్వం అక్కడి భూముల్ని సంస్థలకు కేటాయించింది. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ వంటివి అక్కడే వెలిశాయి. నివాస టవర్లకూ భూమి దక్కింది. ప్రభుత్వ సంస్థ అమ్మిన భూమి, బ్యాంకులు అప్పిచ్చిన ప్రాజెక్టు అన్న నమ్మకంతో జనం ఫ్లాట్లు కొన్నారు. 2012 ఏప్రిల్‌లో హైకోర్టు తీర్పు వక్ఫ్ బోర్డు వైపు వచ్చింది. అక్కడి నుంచి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 ఫిబ్రవరి 7న జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ వి. రామసుబ్రమణియన్ ధర్మాసనం ఆ భూములు ప్రభుత్వానివేనని తేల్చింది.

2006 నుంచి 2022 దాకా పదహారేళ్లు. ఆ కాలంలో ఫ్లాటు కొన్న దంపతులకు పుట్టిన బిడ్డ పదో తరగతికి వచ్చేసి ఉంటాడు. తీర్పు రెండోవైపు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. వక్ఫ్ ఆస్తిని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. లీజుకు ఇవ్వవచ్చు గానీ, అదీ 30 ఏళ్లకు మించకూడదు. అంటే సొంతం అనుకుని కొన్న ఫ్లాట్లకు, ఎవరో దయతలిస్తే, ముప్పయ్యేళ్ల లీజే దారి అయ్యేది. లండన్‌లోని కొడుకు 84 ఏళ్లు మిగిలిందని దిగులుపడుతుంటే, మణికొండలోని తండ్రికి ముప్పై కూడా దక్కుతుందో లేదో తెలియని స్థితి. ఆ కుటుంబాలను కాపాడింది వాళ్ల సేల్ డీడ్ కాదు, సుప్రీంకోర్టు తీర్పు. ఏ కొనుగోలుదారుడూ అంతదాకా వెళ్లాల్సిన అవసరం రాకూడదు.

ఈ విషయంలో రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) మేలు చేసింది. 2016 నాటి ఆ చట్టంలోని 18(2) సెక్షన్ ప్రకారం, నేల హక్కుల్లో లోపం వల్ల కొన్నవాళ్లకు నష్టం జరిగితే బిల్డర్ పరిహారం ఇవ్వాలి. ఆ పరిహారం అడగడానికి కాలపరిమితి అడ్డురాదు. ముప్పయ్యేళ్ల తర్వాత వివాదం తలెత్తినా అడగవచ్చు. చాలామందికి ఈ సెక్షన్ ఉన్నట్టే తెలియదు. తెలిసినా, అప్పటికి ఆ బిల్డర్ కంపెనీ ఉండాలి కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. అందుకే లింకు డాక్యుమెంట్లు చూసుకోవడానికి వకీలుకు ఇచ్చే ఫీజు దగ్గర బేరమాడకండి.

ఇక నేల హక్కు నిక్కచ్చిగా ఉన్న ఫ్లాట్ల సంగతి. అసలు చర్చ ఇక్కడే జరగాలి.

ఫ్లాటు కొన్నప్పుడు మనం రెండు వస్తువులు కొంటున్నాం. ఒకటి గోడలు, స్లాబులు. రెండోది ఆ నేలలో అవిభాజ్య వాటా, వాడుకలో యూడీఎస్. గోడలు ఏటికేడు పాతబడతాయి. గజాలు మాత్రం అలాగే ఉంటాయి, విలువ పెరుగుతుంటుంది. పాత పద్ధతి అపార్ట్‌మెంట్లలో ఈ రెండో వస్తువే మొదటిదాన్ని కాపాడేది. వెయ్యి గజాల స్థలంలో మూడంతస్తులు, పదిహేను ఫ్లాట్లు ఉన్నాయనుకోండి. ఒక్కో ఫ్లాటుకు 66 గజాల పైచిలుకు వస్తుంది. నలభై ఏళ్లకు పిల్లర్లు పెచ్చులూడి, పైపులు తుప్పుపట్టి, సెల్లార్‌లో నీళ్లు ఊరుతుంటే అందరూ కలిసి ఒక బిల్డర్‌ను పిలుస్తారు. కూలగొట్టి, రోడ్డు వెడల్పు అనుమతిస్తే ఆరేడు అంతస్తులు లేపుతాడు. పాత పదిహేను కుటుంబాలకు కొత్త ఫ్లాట్లు ఇచ్చి, పైన వచ్చినవి అమ్ముకుని ఖర్చూ లాభమూ రాబట్టుకుంటాడు. ఇంగ్లండ్‌లో లీజు పొడిగింపు ఎలాగో, మన దగ్గర ఈ రీడెవలప్‌మెంట్ అలాగ. ఫ్లాటుకు మరో ఆయుష్షు పోసే దారి ఇదొక్కటే.

ఆ లెక్క సైబరాబాద్ టవర్లకు కుదరదు. ఎందుకంటే అక్కడ ఆకాశం ముందే అమ్ముడుపోయింది.

2006లో జీవో 86 వచ్చినప్పటి నుంచి హైదరాబాద్‌లో ఎంత నేల మీద ఎన్ని అడుగులు కట్టవచ్చన్న పరిమితి పోయింది. 2012 నాటి జీవో 168 కూడా ఆ దారినే నడిచింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, అగ్నిమాపక నిబంధనలు, విమానాశ్రయ అనుమతి సరిపోతే ఎంత ఎత్తుకైనా వెళ్లవచ్చు. నలభై, యాభై అంతస్తుల టవర్లు అలా వచ్చాయి. ఎకరం అంటే 4,840 గజాలు. ఎకరాకు నూటయాభై ఫ్లాట్లు పడితే ఒక్కో ఫ్లాటుకు 32 గజాలు. రెండు వందలు పడితే 24 గజాలు. యాభై ఏళ్ల తర్వాత ఆ టవర్‌ను కూల్చి కట్టాలంటే ఏ బిల్డర్ వస్తాడు? కట్టగలిగినదంతా మొదటిసారే కట్టేశారు. కొత్తగా అమ్ముకోవడానికి పైన ఒక్క అంతస్తూ మిగల్లేదు. అంటే కూల్చే ఖర్చూ, కట్టే ఖర్చూ, ఆ మూడు నాలుగేళ్ల అద్దెలూ నివాసులే తమ జేబులోంచి పెట్టుకోవాలి.

ఎంతవుతుందో ఉజ్జాయింపుగా వేసి చూశాను. సగటున 1,500 అడుగుల ఫ్లాట్లు ఐదు వందలున్న గేటెడ్ కమ్యూనిటీ అనుకుందాం. మొత్తం ఏడున్నర లక్షల అడుగులు. నేటి రేట్లలో అడుగుకు నాలుగు వేలు చొప్పున వేసినా 300 కోట్లు. కొన్నప్పుడు కార్పస్ ఫండ్ కింద అడుగుకు యాభై రూపాయలు కట్టారనుకుంటే పోగైంది 3 కోట్ల 75 లక్షలు. ఆ డబ్బులోంచే లిఫ్టులు మార్చాలి, బయటి గోడలకు రంగులు వేయాలి, జనరేటర్ బాగుచేయించాలి. భవనం మళ్లీ కట్టడానికి ఆ నిధిలో ఏమీ మిగలదు. ఆ పేరుతో విడిగా నిధి పెట్టుకున్న అసోసియేషన్ ఇంతవరకు నా కంటపడలేదు.

నేల విలువ ఉంది కదా, టవర్ శిథిలమైతే స్థలం అమ్ముకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. సరే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. గజం దాదాపు 2 లక్షల 8 వేలు. ఆ ధరకు 32 గజాలంటే సుమారు 66 లక్షలు. అప్పటికి మొత్తం ఐటీ కారిడార్‌లో పై స్థాయి ధర అది, అలాంటి ధర అన్నిచోట్లా రాదు. పైగా ఒక షరతు ఉంది. అమ్మాలంటే ఐదు వందల మందీ ఒక్క మాట మీదికి రావాలి.

రారు. ఇది జనాన్ని తప్పుపట్టడానికి అంటున్నది కాదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఫోన్ ఎత్తరు. అద్దె కోసం కొన్నవాళ్లకు నెలనెలా అద్దె వస్తే చాలు. ఒక ఫ్లాటు వారసుల తగాదాలో కోర్టులో ఉంటుంది. ఇంకొకటి బ్యాంకు జప్తులో ఉంటుంది. పదిహేను ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లలోనే ఒక్కరు సంతకం పెట్టక ఏళ్ల తరబడి ఆగిపోయినవి ఉన్నాయి. ఐదు వందల ఫ్లాట్ల సంగతి చెప్పాలా?

కొన్ని రాష్ట్రాలు దీనికి చట్టాలో, నిబంధనలో చేసుకున్నాయి. మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీల పునర్నిర్మాణానికి 51 శాతం సభ్యుల సమ్మతి చాలు. గుజరాత్‌లో 25 ఏళ్లు దాటిన భవనాలకు 75 శాతం. తమిళనాడు 2022లో చేసిన అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టంలో మూడింట రెండొంతులు. సింగపూర్‌లో పదేళ్లు నిండిన ప్రైవేటు అపార్ట్‌మెంట్లను మూకుమ్మడిగా అమ్మాలంటే 80 శాతం, పదేళ్ల లోపువైతే 90 శాతం ఒప్పుకోవాలి. ఒప్పుకోని వాళ్ల అభ్యంతరాలు వినడానికి ప్రత్యేక మండలి ఉంది. మనం ఇంకా 1987 నాటి ఉమ్మడి రాష్ట్ర అపార్ట్‌మెంట్ల చట్టంతోనే నెట్టుకొస్తున్నాం. అప్పటికి మాదాపూర్‌లో ఉన్నవి రాళ్లూ, పొలాలూ. యాభై అంతస్తుల టవర్‌ను మనసులో పెట్టుకుని రాసిన చట్టం కాదది. అసోసియేషన్లు సొసైటీల చట్టం కిందో, పరస్పర సహాయ సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం కిందో రిజిస్టర్ అవుతాయి. అవి సంఘాలను నడుపుకోవడానికి చేసిన చట్టాలు. భవనాన్ని కూల్చి కట్టుకోవడం వాటి పరిధిలోని మాట కాదు.

తెలంగాణకు కొత్త అపార్ట్‌మెంట్ చట్టం కావాలి. మూడింట రెండొంతులా, నాలుగింట మూడొంతులా అన్నది శాసనసభలో చర్చించి తేల్చుకోవచ్చు. నా ఓటు నాలుగింట మూడొంతులకు. సగానికి ఒక్కటి ఎక్కువైతే చాలనడం నాకు నచ్చదు. ఎనభై ఏళ్ల వయసులో, భర్త పోయాక, చివరి రోజులు ఆ గదుల్లోనే గడపాలనుకునే తల్లిని మెజారిటీ పేరుతో బయటికి పంపడం చిన్న విషయం కాదు. ఒప్పుకోని వాళ్ల ఫ్లాటుకు విలువ కట్టడానికి బిల్డర్‌తో సంబంధం లేని నిపుణుడు ఉండాలి. కొత్త ఇల్లు అందేదాకా అద్దె ముందే బ్యాంకులో జమ కావాలి. పనులు మధ్యలో ఆగిపోతే ఎవరు పూర్తి చేస్తారో చట్టంలోనే రాసి ఉండాలి. ముప్పయ్యేళ్లు నిండిన ప్రతి ఎత్తైన భవనానికీ ఇంజినీర్ల పరీక్ష తప్పనిసరి చేయాలి, ఫలితాన్ని నోటీసు బోర్డులో పెట్టాలి. కొనేవాడికి భవనం వయసు తెలియాలి కదా.

ఇంకొకటి కూడా ఆ చట్టంలో రావాలి, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. రేపు ప్రభుత్వం కట్టడాల విస్తీర్ణంపై పరిమితి పెట్టిందనుకోండి. పెట్టడం మంచిదేనని నేనంటాను. రోడ్లకూ నీళ్లకూ మురుగు కాలువలకూ ఒక హద్దు ఉంది. కానీ అప్పుడు నేడున్న టవర్‌ను కూల్చితే అన్ని అడుగులు మళ్లీ కట్టే అనుమతి రాదు. ఐదు వందల కుటుంబాలకు మూడు వందల ఫ్లాట్లే వస్తాయి. ఇప్పుడు అనుమతి తీసుకుని కట్టిన భవనాన్ని అదే విస్తీర్ణంలో మళ్లీ కట్టుకునే హక్కు నివాసులకు ఉంటుందని ఒక్క వాక్యం చట్టంలో చేర్చితే చాలు. ఆ వాక్యం లేకపోతే మన ఫ్లాటు కాగితం మీద పూర్తి హక్కు, నిజంలో తేదీ రాయని లీజు.

ప్రీ లాంచ్ పేరుతో సగం ధరకు యూడీఎస్ రిజిస్టర్ చేస్తామనేవాళ్ల గురించి విడిగా రాయాల్సినంత ఉంది. ఇక్కడ ఒక్క మాట చాలు. రెరా చట్టం మూడో సెక్షన్ వర్తించే ప్రాజెక్టులో, రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడం, ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం అన్నీ నేరమే. అనుమతి రాని టవర్‌లో ఇరవై గజాల వాటా కొన్నవాళ్ల చేతిలో చివరికి వందల మంది ఉమ్మడి నేల మిగులుతుంది, ఇల్లు మిగలదు.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రెరా 17వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి ప్రాంతాల హక్కును బిల్డర్ అసోసియేషన్‌కు రాసివ్వాలి. ప్లాన్లు, పత్రాలు అప్పగించాలి. స్ట్రక్చరల్ డ్రాయింగులు ఇప్పుడు చేతిలో లేకపోతే నలభై ఏళ్ల తర్వాత ఎవరినడిగినా దొరకవు. ముఖ్యంగా అల్యూమినియం ఫారం పెట్టి గోడలతో సహా కాంక్రీటు పోసిన టవర్లలో ఏ పైపు ఏ గోడలో ఉందో ఆ కాగితమే చెప్పాలి. మీ అసోసియేషన్ బీరువాలో అవి ఉన్నాయా అని అడగండి.

సైబర్ టవర్స్ తర్వాత కొండాపూర్, మాదాపూర్‌లలో లేచిన తొలి అపార్ట్‌మెంట్లకు ఇప్పటికే ఇరవై, పాతికేళ్లు. వాటి లిఫ్టులు, పైపులు మార్చే కాలం వచ్చేసింది. స్లాబుల వంతు మరో ఇరవై ఏళ్లలో వస్తుంది. శాసనసభ్యులు మీ కాలనీకి వచ్చినప్పుడు రోడ్ల గురించి, మంజీరా నీళ్ల గురించి అడిగినట్టే అపార్ట్‌మెంట్ చట్టం గురించీ అడగండి. మీ సేల్ డీడ్ తీసి యూడీఎస్ ఎన్ని గజాలో ఒకసారి చూసుకోండి. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో రెండు అంశాలు రాయించండి. మొదటిది, 17వ సెక్షన్ కింద రావాల్సిన పత్రాలు. రెండోది, మెయింటెనెన్స్‌తో కలపకుండా, ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేని పునర్నిర్మాణ నిధి. నెలకు అడుగుకు ఒక్క రూపాయితోనైనా సరే, ఈ ఏడాదే మొదలుపెట్టండి.